వెంకయ్య గారి రేకు బొమ్మ

ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నన్ను కూర్చోబెట్టి, ఆ రోజు అడవి రోడ్డు మీద ఉసిరికల ఎక్కుడులో ఏం జరిగిందని అడగలేదు. అందరూ నాకే చెప్పారు. పెనుబల్లి టీ కొట్టులో చెప్పారు, తల్లాడ చౌరస్తాలో చెప్పారు, చర్చి వాకిట్లో చెప్పులు వేసుకుంటూ చెప్పారు. ప్రభుదాసు, అంటే నేను, ఆయిల్ చూసుకోకుండా బండి తోలాడు, ఇంజన్ పట్టేసింది, అంతే కథ. అలా చెప్పిన వాళ్ళలో ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఉన్నది నేను, లారీ, దాని వెనక ట్రైలర్, ముందు రేకు మీద వెంకయ్య గారు. ఆయన బొమ్మ కాబట్టి మాట్లాడలేదు. నేను మనిషిని, మాట్లాడాను. ఇద్దరి మాటకూ దక్కిన విలువ ఒకటే.

మొన్న ఎండాకాలం పెనుబల్లి పోయాను. మా ఓనరు సాంబయ్య గారు పోయారని తెలిసి, దినానికి కాకుండా, ఆ జనమంతా వెళ్ళిపోయాక నాలుగు రోజులకు పోయాను. దినం నాడు పోతే వరండాలో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. సాంబయ్య గారి భార్య మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోమని, మళ్ళీ లోపలికి పోయింది. పెరట్లో చేతులు కడుక్కుంటుంటే కట్టెల కుప్ప మీద వానకు తడవకుండా కప్పిన రేకు కనబడింది. రంగు పెచ్చులు లేచినా తలపాగా తెలుస్తున్నది, మీసం తెలుస్తున్నది. బోర్డులు రాసే పెయింటరు అసలు కంటే పెద్దవిగా వేసిన ఆ రెండు కళ్ళు నన్ను గుర్తు పట్టినట్టే చూశాయి. రేకు తిప్పాను. వెనక వైపు, కింది సగంలో, గోధుమ రంగు మచ్చ ఉంది. మామూలు తుప్పు కాదు. జల్లెడ అద్ది తీసినట్టు సన్నటి గీతల మచ్చ. రంగు ఉడికి బొబ్బలెక్కి ఎండిపోయిన మచ్చ. ఇరవై ఏళ్ళ నుంచి నేను అడుగుతున్న సాక్ష్యం వంటచెరుకు మీద కప్పి ఉంది.

రేకు నాకు కావాలని అడిగితే ఆమె ఎందుకని కూడా అడగలేదు. తీసుకుపో నాయనా అన్నది. అశ్వారావుపేట బస్సులో దాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుంటే కండక్టరు వంగి చూసి, “ఎవలన్నా, మీ నాయననా?” అన్నాడు. అవునంటే సరిపోతుంది, కాదంటే కథంతా చెప్పాలి. “అవ్” అన్నాను. ఆయన రేకును తొక్కకుండా దాటుకుంటూ పోయాడు.

ఈ నూనె సంగతి నాకు ఎట్లా తెలుసో ముందు చెప్పాలి. లారీ దగ్గర నేర్చుకున్నది కాదు. మా అమ్మ తల్లాడ చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి పెట్టుకుని నన్ను పెంచింది. మా నాన్న ముఖం నాకు గుర్తు లేదు. మా ఇంట్లో తలుపుకు, దుప్పటికి, బైబిలు అట్టకు, నా స్కూలు సంచికి ఒకటే వాసన, కాగిన నూనె వాసన. పొద్దున లేచి అమ్మ మొదట చేసే పని నిన్నటి నూనెను గుడ్డలో వడగట్టడం. ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూసేది, రెండు వేళ్ళ మధ్య నూనె చుక్క వేసి రాసి చూసేది, అది సాగితే ఉంచేది, సాగకపోతే పక్కన పెట్టేది. మూకుడు పొయ్యి మీద పెట్టినప్పుడు నూనె బద్ధకంగా ఉంటుంది. కాగేకొద్దీ పలచబడి గిన్నె వంచితే నీళ్ళలా ఉరుకుతుంది. అప్పుడు పిండి చుక్క వేసి చూసి, పొయ్యిలో కట్టె ఒకటి వెనక్కు లాగేది. “సల్లటి నూనె నెమ్మదిగ నడుస్తది. బాగ కాగింది ఉరుకుతది. ఉరికే నూనెను నమ్మద్దు కొడకా, పదును బోయింది గది,” అనేది. నేను లారీ ఎక్కిన తర్వాత ఇంజన్ ఆయిల్‌ను కూడా వేళ్ళ మధ్య రాసి చూసేవాణ్ణి. తోటి డ్రైవర్లు నవ్వేవారు. గేజి పుల్ల తీసి గీత చూసి లోపల పెట్టేస్తే అయిపోయే పనికి నేను పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, వాసన చూసి, రాసి, అప్పుడు పెట్టేవాణ్ణి. రోజూ తెల్లవారి, ముఖం కడుక్కోక ముందే. ఆ మనిషిని ఆయిల్ చూసుకోలేదని అన్నారు.

సాంబయ్య గారి దగ్గర చేరేనాటికి నాకు ఇరవై నాలుగో ఇరవై అయిదో. అప్పటికి జిల్లా ఇంకా ఒకటే, అడవి రోడ్డు మీద సెల్ ఫోన్‌కు సిగ్నల్ లేదు. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు తోటల నుంచి జామాయిల్ కర్ర ఎత్తుకుని గోదావరి ఒడ్డున ఉన్న కాగితం మిల్లుకు తోలేవాళ్ళం. కర్ర చెక్కు తీసిన రోజున లారీ అంతా జలుబుకు రాసుకునే మందు వాసన వచ్చేది. ఆ వాసనలో పడుకుంటే నాకు మంచి నిద్ర పట్టేది. మా అమ్మ మాత్రం నేను ఇంటికి రాగానే ముక్కు ఎగబీల్చి, దవాఖానాలో నుంచి వచ్చినట్టున్నావు అనేది.

ఆ లారీ మీద వెంకయ్య గారు ఎందుకు ఉన్నారో చెప్పాలి. ఆయన సాంబయ్య గారి నాయన. బతికినంత కాలం ఎడ్ల బండి మీద అడవి నుంచి వెదురు తోలిన మనిషి. కొడుకు లారీ కొంటాడని తెలిసి, దాంట్లో ముందు కూర్చుని భద్రాచలం దాకా పోవాలని ఎదురు చూశాడట. లారీ ఇంటికి వచ్చే ముందు నెలలో పోయాడు. సాంబయ్య గారు నాయన బొమ్మను రెండడుగుల రేకు మీద వేయించి, లారీ ముందు జాలీకి బిగించారు. ప్రతి ట్రిప్పుకు ముందు దానికి బంతిపూల దండ వేసేవారు. అందులో నాకు తప్పేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. నాకు నాన్న బొమ్మ ఉంటే నేనూ ఎక్కడో ఒక చోట బిగించుకునేవాణ్ణేమో.

బిగించింది మా మేస్త్రి రాజారత్నం. నేను రత్నం బాబాయ్ అనేవాణ్ణి. రక్త సంబంధం ఏమీ లేదు, ఒకే చర్చి, ఒకే వరస. పాటలో ఆయన గొంతు ముందు లేచేది, తర్వాత మేమందరం అందుకునేవాళ్ళం. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. చేతికి నల్లమందులా పట్టిన గ్రీజును ఆదివారం పొద్దున సున్నం రాసి కడుక్కుని వచ్చేవాడు, అయినా గోళ్ళలో ఉండేది. బెంచీ మీద మా అమ్మకు ఒక వైపు నేను, ఇంకో వైపు ఆయన. చిన్నప్పటి నుంచి నాకు నాన్న అనే మాట తట్టినప్పుడు ఆ గోళ్ళే కనబడేవి.

లారీ ఒక్కటే తోలినంత కాలం ఆ రేకు వల్ల ఇబ్బంది లేదు. తర్వాత సాంబయ్య గారు వెనక ట్రైలర్ తగిలించారు. ముందు ఒక లోడు, వెనక ఇంకో లోడు, లాగేది అదే ఇంజను. ములకలపల్లి దాటాక అడవిలో ఒక పొడుగాటి ఎక్కుడు ఉంది, రెండు పక్కలా ఉసిరిక చెట్లు, డ్రైవర్లం దానికి ఉసిరికల ఎక్కుడు అని పేరు పెట్టుకున్నాం. ఆ ఎక్కుడు మీద ట్రైలర్‌తో ఎక్కితే బండి ఎద్దు నడిచినట్టు నడుస్తుంది, ఇంజను మాత్రం ఉరికినట్టు అరుస్తుంది. కష్టం ఎక్కువ, గాలి తక్కువ. ఆ లారీకి ఆయిల్‌ను చల్లబరిచే జాలీ వేరుగా, నీళ్ళ రేడియేటర్ ముందర కింది భాగంలో ఉండేది. రేకు సరిగ్గా దాన్నే కప్పింది. పై సగం తెరిచి ఉంది కాబట్టి నీళ్ళు చల్లబడేవి, మీటర్లో నీళ్ళ ముల్లు సగంలో కూర్చునేది. ఆయిల్ వేడికి మీటరే లేదు. కానీ ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కుడు సగానికి వచ్చేసరికి జారేది. క్యాబిన్లోకి ఒక వాసన వచ్చేది, మాడిన మూకుడు వాసన. అది నాకు కొత్తది కాదు. మా అమ్మ అయితే కట్టె వెనక్కు లాగేది. నేను ఎక్కుడు మధ్యలో బండి పక్కకు తీసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజనును ఊరికే తిరగనిచ్చి, ఆయిల్ చల్లబడేదాకా కూర్చునేవాణ్ణి. నాకు క్లీనర్‌ను ఇవ్వలేదు, రాళ్ళు నేనే పెట్టుకోవాలి. అది కూడా నేను మర్చిపోలేదు. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. అడవిలో ఇప్ప పూలు ఏరుకునే కోయ ఆడవాళ్ళు బుట్టలతో నన్ను దాటిపోయేవారు. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు అక్కర్లేదు. ఖాళీ లారీల వాళ్ళు దిగుతూ హారన్ కొట్టి, “ఏం దాసన్నా, బండికి బాలింత పథ్యమా?” అని అరిచేవారు.

నేను చెప్పలేదని ఎవరూ అనకూడదు. ట్రిప్పు పుస్తకంలో ప్రతి ట్రిప్పు కిందా రాశాను. ఆయిల్ బాగా కాగుతున్నది, ప్రెషర్ పడుతున్నది, ముందు రేకు తీసి పైకి బిగించగలరు. నా దస్తూరి బాగుంటుంది, చర్చి నోటీసులు నేనే రాసేవాణ్ణి. సాంబయ్య గారు ప్రతి పేజీ కిందా సంతకం పెట్టారు. చదివి పెట్టారా, చదవక పెట్టారా అని ఒకసారి నేరుగా పోయి అడిగాను. ఆయన కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది.

“నెత్తి మీద పెడ్తె ఆయనకు తొవ్వేం కనవడ్తది దాసూ? ఆకాశం కనవడ్తది. ఆకాశం ఇప్పుడు రోజూ సూస్తనే ఉన్నడు గదా.”

రత్నం బాబాయ్ దగ్గరకు పోయాను. ఓనరుకు నా మాట మాటే కాదు, మేస్త్రి మాట మాట. ఆయన ఏదో గేరుబాక్సు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయట. నేను ఆ కాళ్ళకే అంతా చెప్పాను.

“నీళ్ళ ముల్లు ఏడుంది?” అన్నాడు కింద నుంచి.

సగంలో ఉందన్నాను.

“సగంల ఉంటె ఇంజన్ సల్లగున్నట్టే. మీ అమ్మ మూకుడు ముచ్చట ఈడ జెప్పకు.”

పక్కన ఉన్న వాళ్ళు నవ్వారు. నా మాట కొట్టేస్తే కొట్టేయనీ, మూకుడును ఎందుకు తెచ్చాడు? ఆ మూకుడులో వేసిన బజ్జీలు ఆయన ఎన్ని తిన్నాడో నాకు తెలుసు.

ఆ తర్వాతి వారం సాంబయ్య గారు మిల్లు గేటు దగ్గర, లారీలన్నీ వరసలో ఉండగా, అందరి ముందు నాకు చెప్పారు. ఇక ఎక్కుడులో ఆగవద్దు. లోడు వేళకు చేరడం లేదు, అందరూ ఆగకుండా వస్తున్నారు, నీ ఒక్కడికే ఏం రోగం అని. అందరి బండ్లకూ ట్రైలర్ లేదని, ఏ బండికీ నాయన లేడని నేను అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. గాలి లేదు, ఉసిరిక ఆకు కదలడం లేదు. తెల్లవారి గేజి పుల్ల చూశాను, పై గీత దాకా ఉంది. రెండో గేరులో ఎక్కుడు ఎక్కుతున్నాను. సగంలో ముల్లు జారింది, వాసన వచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. ఇక్కడ ఒక ముక్క ఉంది, దాన్ని చివరికి ఉంచుతాను. తర్వాత ఇంజన్లో పెద్ద సుత్తితో కొట్టినట్టు శబ్దం మొదలైంది. మూడు నాలుగు దెబ్బలు. ఆ తర్వాత అంతా ఒక్కసారిగా బిగుసుకుంది. బ్రేకు మీద నిలబడి, రాయి కోసం దిగే వీలు లేక, ట్రైలర్ వెనక్కు లాగుతుంటే చక్రాలను గట్టుకు తిప్పి ఆపాను. దిగి ముందుకు వచ్చాను. రేకు మీద చేయి పెడితే చురుక్కుమంది. బంతిపూలు వాడలేదు, ఉడికాయి. గేజి పుల్ల తీశాను. ఆయిల్ గీత దాకా ఉంది. నల్లగా, నీళ్ళలా, పుల్ల నుంచి జారిపోయింది, వేళ్ళకు పట్టలేదు. అడవిలో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు. ఎవరికైనా చూపించాలని అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

సాయంత్రానికి ఇంకో లారీ వచ్చి మా బండిని మేస్త్రి షెడ్డు దాకా లాక్కొచ్చింది. ఇంటికి పోయి పడుకోమని, పొద్దున చూద్దామని రత్నం బాబాయ్ భుజం మీద చేయి వేసి పంపాడు. ఆ చేతిని నమ్మి పోయాను. పొద్దున నేను వచ్చేసరికి సాంబయ్య గారు ఉన్నారు, ఆరేడుగురు డ్రైవర్లు ఉన్నారు. రత్నం బాబాయ్ అందరి ముందు గేజి పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, పైకెత్తి వెలుతురుకు పట్టాడు. పుల్ల ఎండిపోయి ఉంది.

“సుక్క లేదు,” అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

నేను అప్పుడు షెడ్డు మూలకు చూశాను. గోనె సంచి కప్పిన డబ్బా ఉంది. సంచి లాగాను. అంచు దాకా నల్లటి ఆయిల్. ఇదేందని అడిగాను. అది వేరే బండిదని ఆయన అన్నాడు. ఏ బండిదని అడిగాను. ఆయన అప్పటికే పానా తీసుకుని ఇంజన్ కిందికి దూరాడు. మళ్ళీ నాకు ఆయన కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. సాంబయ్య గారు రేకు మీది ఎండిన దండ తీసేసి, తుండుతో నాయన ముఖం తుడుస్తున్నారు. నన్ను తిట్టలేదు. బండి తాళం ఇమ్మని చేయి చాపారు, అంతే.

అప్పటి నుంచి నాకు ఎండు దాసు అని పేరు. నేను టీ కొట్టులోకి పోతే, “దాసన్నకు నిండ పొయ్యి, సగం బోస్తె సూసుకోడు,” అనేవారు. మొదట నవ్వుతూ అన్నారు, తర్వాత నవ్వకుండా అన్నారు, తర్వాత నాతో ఏమీ అనలేదు. మూడోదే కష్టమైనది. ఏ ఓనరూ బండి ఇవ్వలేదు. ట్రిప్పు పుస్తకం అడిగితే చెదలు పట్టిందన్నారు. మా అమ్మ మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది. “పొద్దుగాల పుల్ల సూసినవా?” చూశానన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ ఆదివారం చర్చిలో ఆమె లేచి, మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుంది. చనిపోయేదాకా అక్కడే కూర్చుంది. రత్నం బాబాయ్ ఆ వారం పాట ఎత్తుకోలేదు, ఇంకెవరో ఎత్తుకున్నారు.

ఇప్పుడు నేను అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో మోటార్లు చూసుకుంటాను. తోట మధ్య ఒక గది. మనుషులు గెలలు కోసే రోజుల్లో వస్తారు, మిగతా రోజుల్లో మట్టల శబ్దమే. ఇప్పుడు కొత్త లారీల్లో ఆయిల్ వేడికి కూడా మీటరు ఉందట, ఎక్కువైతే దీపం ఒక్కటే కాదు, గంట కూడా కొడుతుందట. రోడ్డు మీద ట్రైలర్‌తో పోయే బండి కనబడితే నేను ముందు దాని మూతి చూస్తాను, ఏదైనా కప్పారా అని. ఒకసారి ఒక కుర్ర డ్రైవరు జాలీకి బ్యానర్ కట్టుకుని డీజిల్ కోసం ఆగితే పోయి చెప్పాను. విన్నాడు. విప్పి మడిచి లోపల పెట్టుకున్నాడు. అంత తేలిక. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

రేకు తెచ్చి నా గదిలో గోడకు ఆనించాను. మొదటి రెండు రోజులు మచ్చ పైకి ఉండేట్టు పెట్టాను. ఆయిల్ లేని ఇంజన్ అయితే ఆ జాలీలో పారేదేముంది, కాలేదేముంది? గీత గీతగా పడిన ఆ మచ్చ ఒక్క రోజుది కాదు, నేను పుస్తకంలో రాసిన ప్రతి పేజీ అక్కడ అచ్చు పడి ఉంది. మూడో రోజు తిప్పి పెట్టాను. గదిలో ఇంకో ముఖం ఉంటే అన్నం తినేటప్పుడు బాగుంటుంది. ఆయన ఎడ్ల బండి మనిషి, ఎక్కుడులో ఎద్దులను ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయనను అడిగి ఉంటే రేకు పైన పెట్టమనేవాడు.

రత్నం బాబాయ్ ఇప్పుడు ఖమ్మంలో కూతురి దగ్గర ఉన్నాడు. మూడు సార్లు పోయాను. మొదటిసారి పాత సంగతులు ఎందుకురా బిడ్డా అని టీ తాగించాడు. రెండోసారి చెవులు వినబడడం లేదన్నాడు. మూడోసారి నిద్రపోతున్నాడని కూతురు చెప్పింది, లోపల దగ్గు వినబడుతూనే ఉంది. అందుకే ఇలా అందరూ చదివేట్టు రాస్తున్నాను. బాబాయ్, నీ కూతురు చదివి వినిపిస్తుంది.

చివరికి ఉంచిన ముక్క ఇది. ఎర్ర దీపం వెలిగినప్పుడు నేను చూశాను బాబాయ్. చూసి కూడా ఆపలేదు. ఎర్ర దీపం నుంచి మొదటి సుత్తి దెబ్బ దాకా ఆరు చెట్లు దాటాను, లెక్కపెట్టుకుంటూ దాటాను. ఆగవద్దన్నారు కదా, ఆగను, చూడండి అని కోపంతో తోలాను. ఆ ఇంజన్ చావులో నా వాటా ఉంది. మా అమ్మకు కూడా చెప్పలేదు, ఆమె పుల్ల గురించి అడిగింది, దీపం గురించి అడగలేదు. ఇప్పుడు చెప్పాను, అందరూ చదువుతారు, చదవనీ. రేకు బిగించింది నువ్వు కాబట్టి భయపడ్డావా? చచ్చిపోయిన తండ్రి బొమ్మ వల్ల బండి పోయిందని కొడుకు ముఖం మీద చెప్పలేకపోయావా? ఏదైనా సరే, నేను నిన్ను తిట్టను. సాంబయ్య గారు పోయారు, ఇక నువ్వు ఎవరి కోసమూ దాచనక్కర్లేదు.

నా వంతు అయిపోయింది. నీకు ఒక్కటే ప్రశ్న, ఒక్క మాటలో చెప్పవచ్చు. చెవులు వినబడకపోతే కాగితం మీద రాయి, నీ గోళ్ళ గ్రీజు అంటినా పరవాలేదు. ఆ పొద్దున షెడ్డు మూలలో, గోనె సంచి కింద, డబ్బాలో ఉన్న ఆయిల్ ఏ బండిది?